ఒక నీటిబొట్టు బాకీ

విజయనగరంలో ఆరింటికి నీళ్ళు వదుల్తారు.
ఏడున్నరకి కుళాయి దగ్గడం మొదలెడుతుంది.
అందుకే ఆరుకే ల్యాబ్ తాళం తీస్తాను.
తర్వాత కండెన్సరుకి రెండు బకెట్లు, చేపలతొట్టి మోటారు,
చేపల బజారు నుంచి అప్పలసూరి సైకిలు మీద తెచ్చే ఐసుగడ్డ.
ఐసుకి నెత్తళ్ళ వాసన.
థీసిస్‌లో ఆ మాట రాయలేదు.

ఒకవైపు హైడ్రజైడు. తెల్లటి పొడి.
మా అమ్మ ఆర్నెల్లు మింగిన మాత్రలోదే.
ఇంకోవైపు ఆల్డిహైడు:
ఒకరోజు దాల్చినచెక్క, ఒకరోజు వెనిల్లా, ఒకరోజు చేదుబాదం.
మధ్యలో రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం
ముట్టించి తప్పుకోడానికి.
ఆల్కహాలులో నాలుగు గంటలు మరిగాక
కర్బనమూ నత్రజనీ రెండేసి చేతులతో పట్టుకుంటాయి.
పట్టుకున్నందుకు ఒక నీటిబొట్టు వదులుకుంటాయి.
సమీకరణంలో బాణం దాటాక, కూడిక గుర్తు పక్కన,
ఎవరూ చూడని ఆ నీరు.

అమ్మ పేరు తవుడమ్మ.
ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే
మూడోదాన్ని చేటలో పెట్టి పొరుగామెకి ఇచ్చేసి
శేరు తవుడు పోసి తిరిగి కొన్నారట,
చావు లెక్క తప్పాలని.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో స్పిన్నింగు, రాత్రి షిఫ్టు.
తెగిన పోగు దొరకబుచ్చుకుని
చూడకుండానే ముడేసేది. మర ఆగకూడదు.
నార దుమ్ము లోపలికెళ్ళింది, దాని వెనకే ఇంకోటి.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
ఎర్రగా పోసిన మూత్రం చూసి నేను గోలపెడితే
"మందు రంగే గుంటా, నాను సావనేదు" అంది.

తొమ్మిదో సమ్మేళనం ఎంతకీ గడ్డకట్టదు.
నూనెలా, జిగటగా, ఫ్లాస్కు అడుగున మొండికేసి.
గాజుకడ్డీతో లోపలి గోడని గీకాను.
ఫ్రిజ్జులో పెట్టాను. తిట్టాను. మళ్ళీ గీకాను.
మూడోరోజు మధ్యాహ్నం
కరెంటు పోయి ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో
గీసిన గీత వెంబడి ఒక్క సూది మొలిచింది.
చూస్తుండగానే దాని చుట్టూ ఊరు వెలిసింది.
"పసుపుకొమ్ము అరగదీసినట్టుందమ్మా" అన్నాడు అప్పలసూరి.
నూట డెబ్బై రెండు దగ్గర కరిగింది.
అయొడిన్ ఆవిరిలో పలక మీద ఒక్కటే మచ్చ.
ఒక్కటే. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అగార్ పళ్ళెంలో క్రిముల పచ్చిక.
నడుమ చిన్న గుంట, అందులో నా తొమ్మిది.
మర్నాడు స్కేలు పెట్టి కొలిస్తే
చుట్టూ పదకొండు మిల్లీమీటర్ల ఖాళీ.
పక్క గుంటలో మందులషాపు మందు: ఇరవై ఎనిమిది.
"మధ్యస్థ చర్య" అని రాశాను.
అదీ చీముపుళ్ళ క్రిమి మీద.
అమ్మని తిన్నదాన్ని పెంచే గది మా దగ్గర లేదు.
దానికి రెండు తలుపులు కావాలి,
గాలిని బయటికి పోనివ్వని యంత్రం కావాలి.
మా కిటికీకి గాజే లేదు,
అట్టముక్క ఉంది, దాని మీద ఎరువుల కంపెనీ పేరు.

సెల్లులో ఫోటో చూపించాను.
"ఇదేటి, దోసెకి సిల్లడ్డట్టుంది."
అక్కడ ఏదీ బతకలేదమ్మా.
"పదకొండంటే ఎంత?"
బొటనవేలి గోరు చూపించాను.
నా గోరు వైపు చాలాసేపు చూసింది.
"ముడి గట్టిదేనా?"
పుల్లటి కడుపులో విడిపోతుందన్నాను.
వదిలేసిన నీటిబొట్టు తిరిగొచ్చి తన చోటు అడుగుతుంది,
అప్పుడు పాత మందు మందుగా, వాసన వాసనగా,
ఎటువాళ్ళటు.
తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాను.

అమ్మ వేళ్ళు రెండు, చీరకొంగు అంచున,
లేని పోగు కొస వెతుక్కున్నాయి.
"ఇప్పడానికి రాని ముడి మా మేస్త్రీ ఒప్పేవోడు కాడు" అంది.
ఆ తర్వాత ఇంకేదో అనబోయి దగ్గింది,
మామూలు దగ్గే, అయినా నేను లెక్కపెట్టాను: మూడు.
"తొంగో. ఆరింటికి కుళాయొస్తాది."

పదోది ఇంకా నూనెగానే ఉంది.